అగ్గికంప

నర్సరీలో ఆమెను అందరూ పొగక్క అనేవాళ్ళు. అసలు పేరు హాజరు తీసుకునేవాడికి తప్ప ఎవరికీ గుర్తులేదు. అతనూ ఒక్కోసారి తడుముకునేవాడు. ఆ పేరు పెట్టింది వ్యాను డ్రైవరు. మొదటిరోజు ఆమె పొగ పెట్టే గుడారంలోంచి కళ్ళు తుడుచుకుంటూ బయటికొస్తుంటే, మనిషికంటే ముందు వాసన వచ్చి పలకరించిందన్నాడు. ఆ పేరు అలా అంటుకుపోయింది.

ఊరి వెనక కొండ మీద అగ్గికంప అని ఒక పొద పెరిగేది. నడుమెత్తు పొద, తోలులాంటి చిన్న ఆకులు, ఎండలు ముదరకముందు కొమ్మకొమ్మకీ నీలం పూలగుత్తులు. ఆకులో నూనె ఉంటుంది. నిప్పురవ్వ పడితే చాలు, చిటపటమని అంటుకుంటుంది. చిత్రమేమిటంటే దాని గింజకి ఆ నిప్పే కావాలి. మామూలు వానకి మొలవదు. రాయిలా మట్టిలో ఏళ్ళ తరబడి పడుంటుంది. కొండ కాలి, వేడీ పొగా సోకి, ఆ తర్వాత వాన పడితే అప్పుడు కళ్ళు తెరుస్తుంది. అలా ఎన్ని తరాలు కాలి లేచిందో ఎవరికీ తెలీదు. కానీ ఈమధ్య కొండ ఊపిరి తిప్పుకోనివ్వకుండా కాలింది. బూడిదలోంచి లేచిన పొద పూత పట్టకముందే మళ్ళీ కాలింది. మళ్ళీ లేచింది, మళ్ళీ కాలింది. మట్టిలో దాచుకున్న గింజంతా ఖర్చయిపోయింది. ఆఖరి మంటల తర్వాత కొండ మీద గడ్డి తప్ప ఏమీ లేవలేదు. వానలకి మన్ను జారి రోడ్డు మీదికొచ్చి కూర్చుంది. అప్పుడు అధికారులు మేలుకుని, దూరపు కొండల నుంచి గింజ తెప్పించి నర్సరీలో మొలిపించే పని మొదలుపెట్టారు.

కొండ చేసే పని మనుషులు చేయాలంటే చాకిరీ ఎక్కువ. గింజని మరిగిన నీళ్ళలో ముంచాలి, ఆరబెట్టాలి, ఇసుక కలిపిన మట్టి ట్రేలలో చల్లాలి. ఆ ట్రేలని టార్పాలిన్ గుడారంలో అరలమీద పేర్చాలి. బయట ఇనపడ్రమ్ములో ఎండుకొమ్మా పచ్చాకూ కలిపి రాజేసి, మంట లేవకుండా పొగ మాత్రమే వచ్చేలా కనిపెట్టుకుని ఉండాలి. గొట్టం గుండా పొగ గుడారంలోకి పోతుంది. గొట్టం మసితో పూడుకుపోతే దులపాలి. ట్రేలు మార్చడానికి లోపలికి దూరాలి. మాస్కూ కళ్ళద్దాలూ ఇచ్చారు. జుట్టుకేమిస్తారు?

సాయంత్రం పని దిగగానే తోటి ఆడవాళ్ళంతా వ్యానెక్కి కూర్చునేవాళ్ళు. పొగక్క మాత్రం పనిముట్ల గది వెనక కుళాయి దగ్గరికి పరుగెత్తేది. అక్కడ రేకులతో కట్టిన స్నానాలగది ఒకటుంది. చలైనా వానైనా చన్నీళ్ళే. తలకి రెండుసార్లు సబ్బు, చేతులకీ మెడకీ కొబ్బరిపీచుతో తోముడు. పొగ బట్టలు మూతున్న డబ్బాలో కుక్కి, ఇంటి బట్టలు కట్టుకుని, తడిజుట్టు ముడేసుకుని, పళ్ళు టకటకలాడుతూ వచ్చి వ్యానెక్కేది.

"అక్కా, లోపల అలంకారం అయిందా?" అని డ్రైవరు అద్దంలోంచి నవ్వేవాడు.

"నువ్వు బండి చూసి నడుపు" అని ఆమె కిటికీకి తల ఆనించుకునేది. ఇల్లొచ్చేదాకా కునుకు.

ఆమె భర్త కొండ మంటలార్పే బృందంలో పనిచేసేవాడు. ఆఖరి మంటల్లో అతను పొగలో చిక్కుకుపోయాడు. ప్రాణం దక్కింది గాని ఊపిరితిత్తులు సగానికి సగం దెబ్బతిన్నాయి. మెట్లెక్కితే ఆయాసం, నాలుగు మాటలాడితే దగ్గు. "పొగన్నది ఈయన దగ్గరికి రానివ్వకండి" అని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇంట్లో దోమలచుట్ట మానేశారు. కూర మాడితే కిటికీలన్నీ తెరిచేవాళ్ళు. అలాంటి ఇంటికి, పొగ పెట్టే పని ఒప్పుకున్నానని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? అప్పటికి దొరికిన పని అదొక్కటే. మట్టి సంచులు నింపే పని అని చెప్పింది. భర్త సరేనన్నాడు. అత్తగారు, నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ఆవిడ కూడా ఆ పూట ఏమీ అడగలేదు.

ఇల్లు రెండో అంతస్తులో. రెండు గదులూ, ముందు సన్నటి వరండా. కొన్నాళ్ళకి భర్త మంచం వరండాలోకి ఈడ్చుకున్నాడు.

"లోపల ఉక్కగా ఉంది" అన్నాడు.

ఉక్క ఎక్కడ? అప్పటికే చలిగాలులు మొదలయ్యాయి. ఆ మాట పొగక్క మనసులో ముల్లులా దిగింది. రోజంతా కళ్ళు మండించుకుని, చన్నీళ్ళు పోసుకుని, ఇంటికొచ్చి వంట ముగించి ఆయన పక్కన కాసేపు కూర్చుందామనుకుంటే, ఆయన గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఆమె కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచిపోయేది. ఎవరిమీదా కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఉండేది కాదు.

ఒక సెలవురోజు పొద్దున ఆమె బట్టలుతుకుతుంటే కింద వీధిలోంచి వ్యాను హారను వినిపించింది. వెంటనే డ్రైవరు గొంతు, వీధివీధంతా వినేలా.

"పొగక్కా! ఓ పొగక్కా! గాలికి గుడారం చిరిగిపోయింది. మేడం రమ్మంటున్నారు!"

పొగక్క చేతిలోని చీర అలాగే బక్కెట్లో జారిపోయింది. వరండాలో కాలుమీద కాలేసుకుని కూర్చున్న అత్తగారు కిందికి తొంగిచూసింది.

"ఎవరు నాయనా కావాలి?"

"మా పొగక్క, పెద్దమ్మా. ఈ ఇల్లే కదా? నిన్న చల్లిన గింజలకి ఇవాళ పొగ పెట్టకపోతే అంతా దండగైపోతుంది."

అత్తగారు మెల్లిగా తల తిప్పి కోడలి వైపు చూసింది. భర్త మంచంమీదే ఉన్నాడు. గోడవైపు చూడటం మానేసి, ఆమె వైపు చూస్తున్నాడు.

"అది కాదండీ..." అని మొదలుపెట్టి, కాకపోతే ఏమిటో తోచక ఆగిపోయింది పొగక్క.

"నాకు తెలుసులే" అన్నాడతను.

"ఏం తెలుసు?"

"పొగపని చేస్తున్నావని. మొదటివారమే తెలుసు. ఎంత కడిగినా తలలోంచి ఆ వాసన పోదు. నేను పదేళ్ళు ఆ వాసనలో బతికినవాణ్ణి. నాకు తెలీదా?"

"నాకూ తెలుసు" అంది అత్తగారు. "నాకు ముక్కు లేదనుకున్నావా?"

పొగక్క తడిచేతులు చీరకి తుడుచుకోవడం కూడా మర్చిపోయి నిలబడింది. తెలిసిపోయిందన్న సిగ్గు కంటే ముందు ఒళ్ళంతా మంటపుట్టింది.

"తెలిసీ ఊరుకున్నారా? రోజూ నేను గడ్డకట్టే నీళ్ళు పోసుకుని వణుక్కుంటూ వస్తుంటే, తెలిసీ నోరు మెదపలేదా?"

"నువ్వు అంత కష్టపడి దాస్తున్నావు. తెలిసిందని చెబితే పని మానేస్తావు. మానేస్తే..." దగ్గు వచ్చి మాట తెగిపోయింది. కాసేపటికి తేరుకుని, "అందుకే మంచం ఇటు వేసుకున్నా" అన్నాడు.

"ఉక్కన్నారు."

"నువ్వు మట్టి సంచులన్నావు."

కింద హారను మళ్ళీ మోగింది. అత్తగారు, "వస్తోందిరా, ఆగు! ఇక్కడ అంతకంటే పెద్ద గుడారమే చిరిగింది" అని కేకేసింది. మరోరోజైతే పొగక్కకి నవ్వొచ్చేదే. ఆరోజు చెప్పులు వేసుకుని, ఎవరివైపూ చూడకుండా మెట్లు దిగిపోయింది.

నర్సరీలో గుడారం ఒకవైపంతా చీలిపోయి జెండాలా కొట్టుకుంటోంది. మేడం, అంటే ఆ మొక్కల పనంతా చూసే ఆవిడ, చేతిలో సూదీ దారం పట్టుకుని మోకాళ్ళమీద కూర్చుని ఉంది. ఆవిడ కళ్ళకింద కూడా నల్లటి వలయాలే. ఇద్దరూ కలిసి టార్పాలిన్ కుట్టారు. ఎండ నెత్తికెక్కేసరికి డ్రమ్ము రాజుకుంది. సాయంత్రం దాకా పొగక్క దాని ముందునుంచి కదల్లేదు. పని అయ్యాక, ఇంక దాచేదేమీ లేకపోయినా, కాళ్ళు వాటంతటవే కుళాయి వైపు నడిచాయి.

ఇంటికొచ్చేసరికి భర్త కింది మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆమె కూడా కాస్త ఎడంగా, గాలి అతని వైపు నుంచి వచ్చేలా చూసుకుని కూర్చుంది.

"ఇంత కిందికి ఎందుకు దిగారు? మళ్ళీ ఎక్కొద్దూ?"

"ఎక్కుతాలే మెల్లిగా. ఒకటి అడగాలి. పొగ పెడుతున్నది ఏ గింజలకి?"

ఆమె భయపడుతున్న ప్రశ్న అదే. పొగ సంగతి దాచడానికి సబ్బుంది. ఇది దాచడానికి మౌనం తప్ప ఏమీ లేదు.

"అగ్గికంప" అంది.

వీధిలో ఎవరో సైకిలు తొక్కుకుంటూ పోయారు. పైఇంట్లో కుక్కరు కూత పెట్టింది.

"ఇంకే మొక్కా దొరకలేదా మీకు?"

"ఆ కొండకి అదే సొంత మొక్కట. దాని వేళ్ళే మన్నుని పట్టుకుంటాయట."

"నా ఊపిరిని కూడా అదే పట్టుకుంది" అన్నాడతను. గొంతు పెంచలేదు, పెంచే శక్తి లేదు. "కొండ దిగే కాలిదారికి రెండు పక్కలా అదే. మేం దిగుతుంటే రెండు పక్కలా ఒకేసారి అంటుకుంది. ఆకులు టపాటపా పేలుతుంటే కళ్ళెదురుగా దారి మూసుకుపోయింది. నేను బయటపడ్డా. నా వెనకే వస్తున్న నా జోడీ..." అని ఆగాడు. బయటపడని ఆ జోడీ ఎవరో ఆమెకి తెలుసు. ఆ ఇంటికి ఆమే ఇన్నాళ్ళూ వెళ్ళి వస్తోంది. అతను ఒక్కసారి కూడా వెళ్ళలేకపోయాడు. "అలాంటిదాన్ని నువ్వు బుజ్జగించి మొలిపిస్తున్నావు."

అతను రెయిలింగు పట్టుకుని లేచి, ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ పైకెళ్ళాడు. సాయం పట్టబోతే వద్దని చెయ్యి ఊపాడు.

ఆ తర్వాత ఇంట్లో మాటలు కరువయ్యాయి. మందులు వేసుకున్నారా అంటే తల ఊపేవాడు. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే కంచంలోకి చూసేవాడు. మధ్యలో అత్తగారు అడకత్తెరలో పోకచెక్కైపోయింది. "దానితో చెప్పమ్మా అని వీడూ, ఆయనతో చెప్పండత్తయ్యా అని ఇదీ. ఈ వయసులో నాకు టపాలు మోసే ఉద్యోగం వచ్చింది" అని సణుక్కునేది. ఒకరోజు కోడలు పళ్ళెం కడుగుతూ కడుగుతూ కునికిపాట్లు పడుతుంటే, ఆవిడే వచ్చి పళ్ళెం లాక్కుంది.

"వెళ్ళి పడుకో. వాడి కోపం నీ మీద కాదు. ఎవరి మీదో పడాల్సింది, దగ్గర్లో ఉన్నావని నీ మీద పడుతోంది."

"నాకు తెలుసత్తయ్యా. తెలిసినంత మాత్రాన బరువు తగ్గదుగా."

ముసలావిడ కుళాయి తిప్పింది. పళ్ళెం తనే కడిగింది.

ట్రేలలో మొలకలు కనిపించే రోజులొచ్చాయి. అనుకున్నన్ని రాలేదు. కొన్ని ట్రేలు బోసిగానే ఉండిపోయాయి. వచ్చినవాటిని పొగక్క ఒక్కొక్కటే చిన్న సంచుల్లోకి మారుస్తోంది. ఇప్పుడు నిజంగానే మట్టి సంచుల పని. ఆరోజు తలెత్తేసరికి గేటు దగ్గర ఆటో ఆగింది. భర్త దిగాడు. ఆస్పత్రిలో ఊపిరి పరీక్షకి వెళ్ళినవాడు ఇంటికి పోకుండా ఇటు వచ్చాడు.

"ఒక్కరే వచ్చారా!" అని పరుగున వెళ్ళింది.

"గుడారం ఎటుంది?"

"ఇవాళ పొగ లేదు. అయిపోయింది ఈ ఏడాదికి."

అతను మొలకల ముందు ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. ఒక లేత ఆకుని తుంచి, వేళ్ళమధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. దగ్గుతాడేమోనని ఆమె నీళ్ళసీసా అందుకుంది.

"ఇంకా వాసనే పట్టలేదు" అన్నాడు. తర్వాత, "మీ మేడం ఉందా?" అని అడిగాడు.

మేడం వచ్చింది. అతను లేవబోతే కూర్చోమంది. ఎక్కువ మాట్లాడితే ఆయాసం కాబట్టి అతను తడుముకోకుండా విషయం చెప్పేశాడు. కాలిదారి పక్కన ఈ పొద వెయ్యొద్దు. రెండు పక్కలా బారెడు ఖాళీ ఉంచండి. కొండమీద ఎక్కడైనా వేసుకోండి, నేనేమీ అనను. ఆ దారి మాత్రం మూయకండి. మళ్ళీ ఎప్పుడైనా మంట వస్తే పైనున్నవాళ్ళు దిగాలిగా.

మేడం నుదురు రుద్దుకుంది. "మీరు చెప్పింది నిజమేనండీ. కానీ మన్ను ఎక్కువగా జారేది ఆ దారి అంచులే. అందుకే అక్కడే ఎక్కువ గుంతలు తీయించారు. పై ఆఫీసుని అడుగుతాను."

"అడగండి" అన్నాడతను. అతనికి పై ఆఫీసుల సంగతి కొత్త కాదు.

ఆమె అతన్ని ఆటో ఎక్కించింది. ఎక్కుతూ అతను, "బోసిపోయిన ట్రేలు చాలా ఉన్నాయే" అన్నాడు. అన్ని రోజుల తర్వాత, అవసరం లేకపోయినా ఆమెతో అన్న మొదటి మాట అది.

"సగానికి పైగా మొలవలేదు."

"ఊఁ. దానికీ విసుగొచ్చి ఉంటుంది."

మేడం అడిగింది. పై ఆఫీసు పలకలేదు. మళ్ళీ అడిగింది. చూస్తామన్నారు. చూస్తూ ఉండగానే వానలు మొదలై నాటేరోజు రానే వచ్చింది.

వ్యానులు కొండ సగం దాకా వెళ్ళాయి. అక్కణ్ణించి మొక్కల బుట్టలు నెత్తిన పెట్టుకుని నడక. నల్లబడిన రాళ్ళు, గడ్డి, కాలిన మొద్దులు. కాలిదారికి రెండు పక్కలా తవ్విన గుంతలు నీళ్ళు నిండి మెరుస్తున్నాయి. పొగక్క అక్కడ ఆగింది. ఆమె అంతవరకూ ఎవరి మాటకీ ఎదురుచెప్పిన మనిషి కాదు. చెప్పిన పని చేసి, కూలబడి నిద్రపోవడమే ఆమెకి తెలిసింది. బుట్ట దించి, పక్కనున్న రాయి ఒకటి దొర్లించి గుంతలో వేసింది. ఇంకొకటి వేసింది. కాలితో మన్ను నెట్టింది.

"ఏంటక్కా ఇది?" అంది వెనకొస్తున్న అమ్మాయి.

"ఇక్కడ వెయ్యం. పైన వేద్దాం."

"ఎవరు చెప్పారు?"

"నేనే చెబుతున్నా."

ఆ అమ్మాయి ఒక క్షణం చూసి తనూ బుట్ట దించింది. ఆమె వెనకవాళ్ళూ దించారు. ఎందుకని మళ్ళీ ఎవరూ అడగలేదు. ఆ దారిలో ఏం జరిగిందో ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. మధ్యాహ్నానికి దారి అంచుల్లో ఒక్క గుంత మిగల్లేదు. మొక్కలన్నీ ఇంకా ఎత్తుకి మోసుకెళ్ళాల్సి వచ్చింది. రెట్టింపు నడక. నడుములు విరిగిపోయాయి.

సాయంత్రం తనిఖీకి ఆఫీసరు వచ్చాడు. గొడుగు కింద నిలబడి, దారి కిందికీ మీదికీ చూశాడు.

"ఇక్కడి గుంతలేమయ్యాయి?"

"రాయి తగిలింది సార్" అంది పొగక్క.

"అన్ని గుంతల్లోనూ రాయేనా?"

"కొండ కదా సార్."

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. ఆఫీసరు మేడం వైపు తిరిగాడు. మేడం బురద బూటుతో దగ్గర్లోని గుంతమీద మన్నుని నెమ్మదిగా అదుముతూ, "అవునండీ, ఇటంతా రాతినేల" అంది. ఆయనకి వాన, చలి, ఇంటికి వెళ్ళే తొందర. గొడుగు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే భర్త నవ్వాడు. నవ్వు దగ్గైంది, దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వాడు. అత్తగారు మంచినీళ్ళు అందిస్తూ, "కొండలో రాళ్ళున్నాయని కనిపెట్టినందుకు నీకు ఏదైనా బిరుదిస్తారేమో చూడు" అంది. ఆ మరుసటివారం భర్త బట్టలు మార్చుకుని, జోడీ ఇంటికి తోడు రమ్మని భార్యని అడిగాడు. ఇద్దరూ వెళ్ళి కాసేపు కూర్చుని వచ్చారు.

ఆ వానల్లో దారి అంచు రెండుచోట్ల జారింది. రాళ్ళు పేర్చి గోడ కట్టాల్సి వచ్చింది. మేడం మాటలు పడింది. నాటిన మొక్కల్లో చాలావరకు మొదటి ఎండలకే మాడిపోయాయి. మళ్ళీ గింజ తెప్పించారు, మళ్ళీ డ్రమ్ము రాజేశారు. ఈసారి పొగక్క నేరుగా మేడం దగ్గరికి వెళ్ళి, రోజూ నావల్ల కాదని చెప్పింది. అంత తేలిగ్గా ఒప్పుకుంటారని ఆమె అనుకోలేదు. "ముందే చెప్పొచ్చుగా" అంది మేడం. వంతులు వేశారు. డ్రైవరు కూడా ఒక వంతు తీసుకున్నాడు. వ్యానులో ఆడవాళ్ళు పగ తీర్చుకుని అతన్ని పొగన్నా అని పిలిచారు.

బతికిన మొక్కలు పూయడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. ఆ ఎండాకాలం ముందు ఒకరోజు భార్యాభర్తలు ఆస్పత్రికి వెళ్ళి బస్సులో తిరిగొస్తున్నారు. ఊపిరి పరీక్షలో మెరుగేమీ లేదు. తగ్గకుండా ఉండటమే మెరుగనుకోమన్నాడు డాక్టరు. ఆమె సీట్లో కూర్చున్న కాసేపటికే నిద్రలోకి జారిపోయింది. బస్సు కొండపక్కగా మలుపు తిరిగింది, ఊళ్ళోకి వచ్చింది, ఆగింది. అతను భుజం తట్టి లేపాడు.

సాయంత్రం అన్నాలప్పుడు అతను మామూలుగా అన్నాడు. "పూశాయి. పైన, రెండో మలుపు దగ్గర. నీలంగా."

ఆమె ముద్ద వదిలేసి అతని వైపు తిరిగింది. "మీరు చూశారా? నన్ను లేపొచ్చుగా!"

"లేపుదామనే అనుకున్నా. నోరు తెరుచుకుని నిద్రపోతున్నావు."

"అయితే మాత్రం!"

"రేపూ ఉంటాయిలేవే, తిను" అంది అత్తగారు, ఆమె కంచంలో ఇంకాస్త కూర వేస్తూ.